ఊరు దాటిన జట్టు

2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పోతూ పోతూ పేరు కూడా మార్చుకున్నది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మూడున్నర ఏండ్ల కిందట, 2022 మార్చి 20న, ఇదే జట్టు గోవాలో కేరళ బ్లాస్టర్సును ఓడించి ఇండియన్ సూపర్ లీగులో విజేతగా నిలిచింది. ఆనాడు పత్రికలన్నీ ఇది హైదరాబాదు విజయమని రాశాయి. అటువంటి జట్టు చెప్పాపెట్టకుండా మూట సర్దుకుంటే నగరం ఎందుకు లేచి నిలబడలేదన్నది ఈ వ్యాసానికి మొదటి ప్రశ్న.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఈ పత్రిక చదివే మిత్రులకు దీనితో ఏమి పని అని కొందరు అడగవచ్చు. నిజానికి ఈ ప్రశ్న అడిగే అర్హత అందరికంటే ఈ మూడు పట్టణాలకే ఎక్కువ. తరలిపోవడమంటే ఏమిటో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. సిరిసిల్ల నేతగాళ్లు బీవండికి, షోలాపూరుకు, సూరత్తుకు పోయారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల పిల్లలు దుబాయికి, మస్కటుకు పోయారు. అట్లాగే, ఉన్నదాన్ని పోనివ్వకుండా పెనుగులాడడం కూడా మనకు తెలుసును. 2016 ఆగస్టులో కొత్త జిల్లాల ముసాయిదా వెలువడినప్పుడు అందులో సిరిసిల్ల పేరు లేదు. పట్టణం ఊరుకోలేదు. బందులు జరిగాయి, దీక్షలు జరిగాయి. అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాజన్న సిరిసిల్ల వాటిలో ఒకటి. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు రైతులు ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు. 2019 పార్లమెంటు ఎన్నికలలో జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గాలు కలిసి ఉన్న నిజామాబాదు స్థానానికి పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది స్వయంగా నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. బ్యాలెట్టు యంత్రాలు చాలక ఎన్నికల సంఘం తలపట్టుకోవలసి వచ్చింది. ఇంత చేయగల జనం ఉన్న రాష్ట్రంలో రాజధాని జట్టు మాత్రం ఇంత నిశ్శబ్దంగా ఎట్లా వెళ్లిపోయింది?

దీనికి తరచుగా చెప్పే సమాధానం ఒకటున్నది. మన జనానికి క్రికెట్ పిచ్చి, ఫుట్‌బాల్ ఎవరికి కావాలి అని. ఈ సమాధానం సోమరితనం నుంచి పుట్టింది. చరిత్ర తెలియనివారే ఆ మాట అనగలరు.

1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957 సంవత్సరాలలో గెలిచి, ఆంధ్ర పోలీసుగా పేరు మారిన తర్వాత 1961లో మరొకసారి గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఆ రోజులలో ఈ జట్టును తలచుకొని జంకేవి. ఆ జట్టును తయారుచేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఏ కంపెనీ మేనేజరూ కాదు, బడిపంతులు. కాచిగూడలోను, చాదర్‌ఘాట్‌లోను పాఠాలు చెప్పినవాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత జట్టుకు బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం, 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం: ఇవన్నీ ఆయన శిక్షణలో వచ్చినవే. జకార్తా నాటికే ఆయనను క్యాన్సరు తినేస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

రహీం పనిచేసిన పద్ధతి తెలుసుకోవాలి. ఆయన పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో ఎవరూ బంతిని కాలికి అంటించుకొని తిప్పరాదు, అందగానే పక్కవాడికి ఇవ్వాలి. ఇంకొక పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. వీటివల్ల ఏమి జరిగింది? బలిసినవాడు, ఒంటరిగా మెరిసేవాడు కాక, పక్కవాణ్ణి చూసి ఆడేవాడు తయారయ్యాడు. ఇది మైదానంలో పుట్టిన విద్య. బంతి, గోడ, ఖాళీ స్థలం, సాయంత్రం ఒక గంట, ఆ గంటలో నిలబడి చూసే పంతులు ఉంటే చాలు.

అయితే ఆ జట్టు పేరు ముందర మనం కాసేపు ఆగక తప్పదు. 1950లో "హైదరాబాదు పోలీసు" అనే మాట తెలంగాణ పల్లెలలో ఏ అర్థంలో వినబడేదో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. నగరంలో పోలీసు జట్టు గోలు వేస్తే చప్పట్లు కొట్టే వేళకే, పల్లెలో పోలీసు క్యాంపు పడిందంటే మగవాళ్లు అడవి దారి పట్టేవారు. ఈ రెండూ ఒకే రాజ్యానికి రెండు ముఖాలు. కనుక పాతకాలమంతా బంగారమని పాడడం నా ఉద్దేశం కాదు. జట్టులో ఆడినవాళ్లు మాత్రం మురికివాడల నుంచి, కంటోన్మెంటు బస్తీల నుంచి వచ్చిన బీద కుర్రవాళ్లు. పోలీసు కొలువు వాళ్లకు అన్నం పెట్టింది. ఆట ఆడినా ఆడకపోయినా నెల జీతం వచ్చేది. కాలు విరిగినా కొలువు పోయేది కాదు. ఆ పాత వ్యవస్థలో మనం గుర్తించవలసినది ఈ ఒక్క అంశం. జట్టు ఒక కొలువుకు కట్టి ఉన్నది, ఆ కొలువు ఊరికి కట్టి ఉన్నది. కోత్వాలు కచేరీని బండికెత్తి ఢిల్లీకి తోలడం ఎవరి తరమూ కాదు గదా!

జట్టు కదలలేదు గాని మనుషులు కదిలారు. ఆ రోజులలో జరిగిన తరలింపు అది. అమ్ముగూడ బీద ఇంటి కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాలుకు పోయాడు. నయీముద్దీన్ పోయాడు. 1966లో హబీబ్ పోయాడు. 1977లో పేలే ఆడిన కాస్మాస్ జట్టు కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ పక్షాన దాని మీద గోలు వేసిన హబీబ్ ఈయనే. కలకత్తా క్లబ్బులు ఇచ్చిన డబ్బు హైదరాబాదు కొలువు ఇవ్వలేదు. సిరిసిల్లలో కూలి గిట్టక బీవండి రైలెక్కినవాడికీ, ఈ ఆటగాళ్లకూ కారణంలో పెద్ద తేడా లేదు. 1956, 1957 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఆ తర్వాత ఇంతవరకు ఇటు మొహం చూడలేదు. రహీం పోయాడు, ఆటగాళ్లు పోయారు, ఖాళీ స్థలాల మీద ఇండ్లు లేచాయి. ఇన్ని పోయాక మిగిలింది జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్నే తర్వాత వ్యాపారులు సరుకు చేశారు.

2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆట మీది వాణిజ్య హక్కులను 15 ఏండ్లకు 700 కోట్ల రూపాయలకు రాసిచ్చింది. ఆ ఒప్పందం నీడలో 2014లో రిలయన్సు చేతి కింద సూపర్ లీగు మొదలయింది. ఈ లీగులో జట్టు అంటే ఒక లైసెన్సు. పట్టణం పేరు దానికి చొక్కా మీద అచ్చు వంటిది, ఉతికితే పోతుంది. 2019 ఆగస్టు ఒక్క నెలలో రెండు సంగతులు జరిగాయి. డబ్బు చిక్కులలో పుణె జట్టు మూతపడితే దాని చోటు హైదరాబాదుకు దక్కింది. ఆగస్టు 27న కొత్త క్లబ్బును ప్రకటించారు. మరి నాలుగు రోజులకు ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వరు చేరి ఒడిశా జట్టుగా మారింది. అంటే ఢిల్లీ జట్టు ఒడిశాకు, పుణె స్థానం హైదరాబాదుకు, ఆరేండ్ల తర్వాత హైదరాబాదు జట్టు ఢిల్లీకి. సంగీతం కుర్చీల ఆట ఇది. పుణె చోటు మనకు వచ్చిననాడు పుణె అభిమానులు ఏమైపోయారని ఇక్కడ ఎవరైనా అడిగారా? నేనూ అడగలేదు. ఒప్పుకొంటున్నాను.

పుట్టిన ఏడు జట్టు అట్టడుగున ఉన్నది. తర్వాతి రెండేండ్లూ కరోనా వల్ల లీగంతా గోవాలో జరిగింది. కనుక విజేతగా నిలిచిన 2021-22లో హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క ఆట కూడా ఆడలేదు! నగరం ఆ విజయాన్ని టెలివిజనులో చూసింది. చిత్రమేమంటే అంతకుముందు 2009లో దక్కన్ చార్జర్స్ క్రికెట్ కప్పు గెలిచినది కూడా జొహాన్నెస్‌బర్గులో. ఆ ఏడు పోటీలన్నీ దక్షిణ ఆఫ్రికాకు తరలించారు. ఆ జట్టు సంగతీ 2012 సెప్టెంబరులో తేలిపోయింది, యాజమాన్యం ఆర్థికంగా కూలగానే బోర్డు ఒప్పందం రద్దు చేసింది. హైదరాబాదు పేరు మీద వచ్చిన ఈ రెండు పెద్ద కప్పులకూ హైదరాబాదు మట్టి అంటలేదు.

2023-24లో ఫుట్‌బాల్ జట్టుకు అసలు కష్టం వచ్చింది. జీతాలు అందలేదు. ప్రపంచ సమాఖ్య కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని నిషేధం పెట్టింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మధ్యలో వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లతో ఆ సీజను మొత్తానికి గెలిచినది ఒక్క ఆట. 2024లో కొత్త యజమానులుగా బి.సి. జిందాల్ వర్గం వచ్చింది. మరుసటి ఏడే జట్టు ఢిల్లీ చేరింది. ఇందులో దుర్మార్గుడెవరని వెదకడం దండుగ. గచ్చిబౌలి స్టేడియంలో 30,000 మంది కూర్చోగలరు, వచ్చేది అందులో కొద్దిమంది. నష్టం వచ్చేచోట సరుకు ఉంచడు వ్యాపారి. లైసెన్సు సరుకయినప్పుడు అది లాభం వెంట పోతుంది.

ఊళ్లు లేచి పోరాడిన ఉదాహరణలు లేకపోలేదు. వాటికోసం అమెరికా బాస్కెట్‌బాల్ చరిత్రను చూడాలి. అక్కడ జట్లు ఊరు మారడం ఎంత మామూలంటే, శాక్రమెంటో కింగ్స్ అనే జట్టు పుట్టింది రాచెస్టరులో. అక్కడినుంచి 1957లో సిన్సినాటికి, 1972లో కాన్సాస్ సిటీకి, 1985లో శాక్రమెంటోకు వచ్చింది. సియాటిల్ నగరంలో సూపర్‌సానిక్స్ జట్టు 1967లో మొదలయి 1979లో విజేత అయింది. 2006లో ఓక్లహోమా వ్యాపారుల బృందం దాన్ని 35 కోట్ల డాలర్లకు కొన్నది. కొత్త స్టేడియం ప్రజల ఖర్చుతో కట్టిస్తే ఉంటాము, లేకపోతే పోతాము అన్నారు. అదే ఏడు నవంబరులో సియాటిల్ ఓటర్లు, నగరానికి తగిన ప్రతిఫలం రాని స్టేడియాలకు ప్రజాధనం ఇవ్వరాదని నాలుగింట మూడు వంతుల మెజారిటీతో తీర్పు చెప్పారు. యజమానులు ప్రయాణం కట్టారు. నగరం కోర్టుకెక్కింది. 2010 దాకా స్టేడియం కౌలు ఉన్నది, ఆ గడువు తీరేదాకా కదలరాదన్నది. అభిమానులు కోర్టు వాకిట గుమిగూడారు. తీర్పు వెలువడబోయే రోజున, 2008 జూలై 2న, నగరపాలకులు 4 కోట్ల 50 లక్షల డాలర్లు తీసుకొని రాజీపడ్డారు. 41 ఏండ్ల జట్టు వెళ్లిపోయింది. పేరు, రంగులు మాత్రం ఊరికే వదిలిపోయారు.

అదే సియాటిల్ నుంచి ధనవంతులు కొందరు 2013లో శాక్రమెంటో జట్టును కొని తెచ్చుకోబోయారు! దెబ్బ తిన్న ఊరు ఇంకొక ఊరిని దెబ్బ కొట్టబోయింది. ఇంకొక దారి ఆ వ్యవస్థలో లేదు, లీగు జట్ల సంఖ్యను కావాలనే తక్కువగా ఉంచుతుంది, అర్రులు చాచే ఊళ్లను ఎక్కువగా ఉంచుతుంది. శాక్రమెంటో ఈసారి గట్టిగా నిలబడింది. అక్కడి మేయరు కెవిన్ జాన్సన్ పూర్వం బాస్కెట్‌బాల్ ఆటగాడే. అభిమానులు ఏండ్ల తరబడి సభలు పెట్టారు. బొంబాయిలో పుట్టిన వివేక్ రణదివే నాయకత్వాన కొనుగోలుదార్ల బృందం ఏర్పడింది. 2013 మే 15న లీగు యజమానులు 22-8 ఓట్లతో తరలింపును తిరస్కరించారు. ఊరు గెలిచింది.

గెలిచి ఏమి చెల్లించింది? కొత్త స్టేడియానికి నగరం వాటా 25 కోట్ల డాలర్లకు పైన. 2006లో స్టేడియం కోసం అమ్మకపు పన్ను పెంచుదామంటే అక్కడి ఓటర్లు కాదన్నారు. 2013లో ఆ ప్రశ్న ఓటర్ల ముందుకు రానేలేదు, నగర మండలి నిర్ణయించింది. ఆ సభలలో కేకలు వేసి గొంతులు పోగొట్టుకొన్న జనం ప్రేమ నిజమైనదే, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ ప్రేమకు యజమాని వెల కట్టాడు, బిడ్డను ఎత్తుకుపోతానని బెదిరించి తల్లిదగ్గర సొమ్ము గుంజినట్టు. సియాటిల్ ఓటర్లు తప్పు చేశారని వాదించే మిత్రులున్నారు. నాకట్లా తోచదు. వాళ్లు జట్టును పోగొట్టుకున్నారు గాని లెక్క తెలిసే పోగొట్టుకున్నారు. అదే అమెరికాలో గ్రీన్ బే అనే చిన్న ఊరున్నది, జనం లక్ష చిల్లర. అక్కడి పాకర్స్ జట్టుకు 1923 నుంచి వాటాదార్లు మామూలు జనమే. వాటాకు లాభం పంచరు. లక్షల జనమున్న నగరాలు జట్లను పోగొట్టుకుంటుంటే ఈ చిన్న ఊరు నూరేండ్లకు పైగా నిలబెట్టుకున్నది. అమ్మేవాడు లేనప్పుడు కొని తరలించేవాడు ఎక్కడినుంచి వస్తాడు?

ఇప్పుడు మన మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాము. ముత్యంపేట ఫ్యాక్టరీ 2002లో ప్రయివేటు చేతికి పోయింది, 2015లో మూతపడింది. అయినా రైతు కొట్లాడగలిగాడు, ఎందుకంటే చెరకు అతనిది, భూమి అతనిది. నిజాం కాలం నాటినుంచి ఆ చక్కెర పరిశ్రమ సర్కారు సొత్తన్న జ్ఞాపకం అతని చేతిలో ఒక హక్కుపత్రం. సిరిసిల్ల జిల్లా కావాలన్నప్పుడు అడగడానికి సర్కారు ఎదుట ఉన్నది, ఆఫీసు మెట్లున్నాయి, కూర్చోవడానికి చోటున్నది. మరి హైదరాబాదు అభిమాని ఎవరి మెట్ల మీద కూర్చోవాలి? జట్టులో అతనికి వాటా లేదు, ఓటు లేదు. అతను కొన్న టిక్కెట్టు ఆట అయిపోగానే చిత్తుకాగితం.

సర్కారు కదలలేదా అంటే, కదిలే చోట కదిలింది. 2025 మార్చిలో ఉచిత టిక్కెట్ల తగాదా వల్ల సన్‌రైజర్స్ క్రికెట్ యాజమాన్యం ఉప్పల్ విడిచి వేరే ఊరు చూసుకుంటామని లేఖ రాసింది. వెంటనే ముఖ్యమంత్రి విజిలెన్సు విచారణకు ఆదేశించారు. డబ్బు పండే జట్టు పోతానంటే రాష్ట్రమంతా చర్చ. అక్టోబరులో ఫుట్‌బాల్ జట్టు నిజంగానే పోయింది, అప్పుడు ఆ ఉలికిపాటు కనబడలేదు. డిసెంబరు 13న మెస్సీ హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియం వెలిగిపోయింది. ముఖ్యమంత్రి స్వయంగా బూట్లు తొడిగి బంతి తన్నారు, ఆయన జట్టుకు సింగరేణి పేరు పెట్టారు. బొగ్గు గని కార్మికుడి చెమట పేరు అది! ఒక్క సాయంత్రం ఆటకు ఆ పేరు వాడుకున్నారు. నూరేండ్ల ఫుట్‌బాల్ ఉన్న నగరంలో, లీగు జట్టు పోయిన రెండు నెలలకు, లోకంలోకెల్లా గొప్ప ఆటగాడు కాసేపు నిలబడి చేయి ఊపి పోయాడు. టిక్కెట్లు కొని వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. జనానికి ఫుట్‌బాల్ అక్కరలేదన్న మాట అబద్ధమని వాళ్లే రుజువు చేశారు.

జట్టు పోయింది గాని గచ్చిబౌలి స్టేడియం పోలేదు. అది ప్రజల డబ్బుతో కట్టినది. కాచిగూడ, అమ్ముగూడ కుర్రవాళ్ల వంటి కుర్రవాళ్లు జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్ల మరమగ్గాల వాడలలో ఇవాళ కూడా ఉన్నారు. మన వైపు కబడ్డీ ఆడే పిల్లలకు టెలివిజనులో తెలుగు టైటాన్స్ కనబడుతుంది. ఆ జట్టు పేరులో ఊరే లేదు, ఒక భాష మాత్రం ఉన్నది. సొంత ఆట చూసుకోవలసిన చోటు బడి వెనుక స్థలం. అక్కడ సభలకు షామియానాలు వేస్తే, ఎగ్జిబిషన్లు పెడితే, ప్రహరీ జరిపి దుకాణాలు కడితే అదీ తరలింపే, దానికి ఢిల్లీ రైలు అక్కరలేదు. దాని మీద ధర్నా చేయడానికి మెట్లు కూడా దగ్గరలోనే ఉన్నాయి, మున్సిపాలిటీ మెట్లు. రహీం కాచిగూడ బడిలో పాఠం ముగించి సాయంత్రం మైదానానికి నడిచి వెళ్లేవాడు. మన మూడు పట్టణాల బడులలో ఆ సాయంత్రపు గంట ఏమయిందో, డ్రిల్లు మాస్టరు పోస్టు ఎన్నేండ్ల నుంచి ఖాళీగా ఉన్నదో, ఉపాధ్యాయ మిత్రులకు నాకంటే బాగా తెలుసును.